క్వారబ్ మలుపు దగ్గర మూడు గంటలు

ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీలో అల్మోరాకి షేర్ జీపు ఎక్కేముందే అడిగాను, క్వారబ్ దారి తెరిచే ఉందా అని. ఉందన్నాడు డ్రైవరు. సీటుకి 500 తీసుకుని, పైన కట్టిన పెట్టెకి ఇంకో 100 పట్టాడు. జూలై నెలాఖరు. ఖైర్నా దగ్గర రాణీఖేత్ దారి పట్టి ఉంటే చుట్టయినా సాయంత్రానికి అల్మోరాలో ఉండేవాళ్లం. దగ్గరి దారే పట్టాడు. క్వారబ్ ఇంకా కిలోమీటరు ఉందనగా బండ్లు బారులు తీరి ఆగిపోయాయి. కొండ మళ్లీ జారింది. ఒక పక్క జేసీబీ మట్టి తోస్తోంది, పైనుంచి రాళ్లు దొర్లుతూనే ఉన్నాయి. మూడు గంటలు ఆగిపోయాం.

ఆ తర్వాత కౌసాని, బాగేశ్వర్, మున్సియారీ అంటూ ఐదు రోజులు తిరిగాను గానీ రాయవలసింది ఈ మూడు గంటల గురించే.

వెళ్లిన పని భంగు ఆకులు తేవడం. భంగు అంటే మన గంజాయి మొక్కే. ఈ కుమావూఁ కొండల్లో ఇంటి వెనక, కాలిబాట పక్కన, పశువుల కొట్టం చుట్టూ దానంతట అదే లేస్తుంది. ఆకుల నుంచి డీఎన్‌ఏ తీసి, ఒక లోయలోని మొక్కలకీ పక్క లోయలోని వాటికీ జన్యువుల్లో తేడా ఎంతో చూడాలి. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అని చెప్పేది పూత, కాయ పట్టిన కొసల్ని. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా ఆ మాట కిందికి రావు. అయినా అనుమతి కాగితం చేతిలో లేకుండా ఒక్క ఆకు కూడా తెంపకూడదు. జూలైలోనే వెళ్లడానికి ఇదీ ఒక కారణం. రాత్రులు పొడుగయితే గాని ఈ మొక్క పూతకు రాదు, కాబట్టి అప్పటికి ఉండేది లేత ఆకే. చిక్కు ఏమిటంటే, పూత లేకపోతే ఆడ మొక్కేదో మగ మొక్కేదో కంటికి తెలియదు. అది తర్వాత ప్రయోగశాలలో, మగ మొక్కల్లో మాత్రమే కనిపించే డీఎన్‌ఏ గుర్తుతో తేల్చుకోవాలి.

బండి దిగి చూస్తే రోడ్డుకి పైన కొండవాలు మీద భంగు, రోడ్డుకి కింద కోసి నది వైపు దిగే గట్టు మీద భంగు. పాత వానలకు జారి రోడ్డు పక్కన కుదురుకున్న మట్టి దిబ్బ మీద కూడా భంగే, నడుము ఎత్తున. కదిలిన నేల, ఎరువు పట్టిన నేల అంటే ఈ మొక్కకి ప్రాణం. కొత్తగా రాళ్లు పడుతున్న వైపు పోకుండా, ఈ దిబ్బ దగ్గరే కోయడం మొదలుపెట్టవచ్చు అనిపించింది. అక్కడే చాలామంది పొరపాటు చేసేది. మూడు చోట్లా ఒకే మొక్క కనిపిస్తోంది కదా అని అన్నిటికీ కలిపి ‘క్వారబ్’ అని ఒకే పేరు రాసేస్తారు.

ఎందుకు తప్పో లెక్కలో చూస్తే తెలుస్తుంది. ఒక జన్యువుకి రెండు రూపాలున్నాయనుకోండి. పై వాలు మొక్కలన్నీ మొదటి రూపమే మోస్తున్నాయి, కింది గట్టువన్నీ రెండోదే. రెండు చోట్లా సమానంగా కోసి ఒకే గుంపుగా లెక్కిస్తే, సగం మొక్కల్లో రెండు రూపాలూ కలిసి ఉండాలని జన్యుశాస్త్ర సూత్రం చెబుతుంది. చూస్తే ఒక్కదానిలోనూ ఉండవు. ఆ లెక్క చూసిన వాళ్లు ఇక్కడ మొక్కలు దగ్గర చుట్టాల మధ్యే సంకరమవుతున్నాయని రాసేస్తారు. అసలు తప్పు మొక్కలది కాదు, సంచి మీద రాసిన పేరుది. జారిన దిబ్బ ఇంకా తికమక పెడుతుంది: పై నుంచి మట్టితో సహా దిగి నిలబడ్డ మొక్కలూ, అక్కడే మొలిచినవీ పక్కపక్కనే ఉంటాయి. అందుకే పై వాలుకి ఒక పేరు, కింది గట్టుకి ఒక పేరు, దిబ్బకి మూడోది.

ఎన్ని మొక్కలు కోయాలన్నదానికీ లెక్క ఉంది. ఒక్కో మొక్కలో ప్రతి జన్యువుకీ రెండు ప్రతులు. 30 మొక్కలంటే 60 ప్రతులు. నూటికి 5 పాళ్లు మాత్రమే ఉన్న అరుదైన రూపం 60 ప్రతుల్లో ఒక్కసారి కూడా తగలకపోయే అవకాశం నూటికి 5 లోపే. పది మొక్కలతో సరిపెడితే అది నూటికి 36 దాకా పోతుంది. ఇదంతా మొక్కలు ఒకదానికొకటి చుట్టాలు కానప్పటి మాట. ఒకే తల్లి గింజలు రాలిన చోట 30 కోసినా తల్లి వైపు నుంచి దొరికేది రెండు ప్రతులే. అందుకే మొక్కకీ మొక్కకీ కనీసం పది మీటర్ల ఎడం. ధాబా వెనక చెత్త మీద ఎంత ఏపుగా పెరిగినా ముట్టుకోకూడదు. అవి వంటింట్లో భంగు గింజల చట్నీకి ఏరగా పారేసిన గింజల నుంచి మొలిచినవి.

జీపులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, అందరూ ఆమా అని పిలుస్తున్నారు, చాలాసేపు చూసి “ఆకులెందుకు బేటా, గింజ చూడు” అంది. కొంగు ముడి విప్పింది. అందులో రెండు కాగితం పొట్లాలు. ఒకదానిలో చేలో పండించిన గింజ, బూడిద రంగు, లావు. రెండోదానిలో నిరుడు గట్టు మీద ఏరినవి, చిన్నవి, వాటి మీద గోధుమరంగు మచ్చలు పులి చారల్లా. అరచేతిలో పక్కపక్కన పోసుకుంటే కొలబద్ద అక్కర్లేదు. 1976లో స్మాల్, క్రాంక్విస్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు చేను రకానికీ అడవి రకానికీ మధ్య గీత గీసింది గింజ పొడవు 3.8 మిల్లీమీటర్ల దగ్గర. అంతకన్నా చిన్నదై, అడుగున సన్నబడి, తొడిమ నుంచి ఇట్టే ఊడిపోతే అడవి రకం. ఆమా అదే మాట ఇంకోలా చెప్పింది: “చేనుది కోసి మోపు కట్టి ఇంటికి తేవచ్చు. దీన్ని కోస్తే దారిలోనే అంతా రాలిపోతుంది.”

మన చెరువుగట్ల నివ్వరి గుర్తొచ్చింది. కంకి పండీ పండగానే నీళ్లలో రాల్చుకుంటుంది. వరిలో ఆ రాలడం పోవడానికి పెద్ద కారణం ఎస్‌హెచ్4 అనే జన్యువులో ఒక్క అక్షరం మార్పు అని 2006లో తేలింది. మనిషి కోసి ఇంటికి తెచ్చేది కంకికి అంటుకున్న గింజనే కాబట్టి, మరుసటి ఏడు విత్తేదీ అదే. చేను విడిచి గట్టెక్కిన మొక్కకి మళ్లీ రాలే గుణమే బతుకు.

గట్టెక్కిన మొక్క అంటున్నాను, అడవి మొక్క అనడం లేదు. 2021లో 110 మొక్కల పూర్తి జన్యుక్రమాలు పోల్చిన పరిశోధన, మన దేశంలోనూ పాకిస్తాన్‌లోనూ అడవిలా పెరిగేవి సాగు నుంచి తప్పించుకున్నవాటి సంతానమే అంది. సాగు మొదలైంది తూర్పు ఆసియాలో, సుమారు 12,000 ఏళ్ల కింద. అసలు అడవి తల్లి ఇప్పుడు మిగిలి ఉండకపోవచ్చని కూడా అంది. అలాగని క్వారబ్ గట్టు విలువ తగ్గదు. గాలికి పుప్పొడి కిలోమీటర్ల కొద్దీ కొట్టుకుపోయే మొక్క ఇది. కొత్త రకం హెంప్ (నార, గింజల కోసం సాగుచేసే గంజాయి) తెచ్చి లోయలో ఎకరం వేస్తే, ఆ పుప్పొడి ఈ గట్టుకీ చేరుతుంది. చేరకముందు ఇక్కడ ఏముందో రాసి పెట్టుకోవడానికే ఈ తిరుగుడు.

ఇక ప్యాకింగ్. ఒక్కో మొక్క నుంచి పురుగు తినని లేత ఆకులు రెండు, తుడిచి, చింపి, టీ సంచిలాంటి కాగితంలో పెట్టాలి. దాన్ని జిప్ కవర్లో వేసి ఆకు బరువుకి పది రెట్లు సిలికా జెల్, అంటే చెమ్మ పీల్చే గుళికలు, పొయ్యాలి. పేరు పెన్సిల్‌తోనే రాయాలి, సిరా చెమ్మకి పాకుతుంది. ఆకు ఒక రోజులో పెళుసుగా ఎండాలి. మెత్తగా ఉండిపోతే లోపలి ఎంజైములు డీఎన్‌ఏని ముక్కలు చేస్తాయి, తర్వాత ఎన్ని రసాయనాలు పోసినా అది అతకదు.

దారి తెరిచేసరికి ఐదున్నర. అల్మోరాలో గది తీసుకుని కవర్లు మంచం మీద పరిస్తే, ఆ వాన గాలికి నారింజ రంగు జెల్ చెమ్మ పట్టి సగం ఆకుపచ్చకి తిరిగిపోయి ఉంది. రాత్రి పదకొండు దాకా కూర్చుని అన్నిటికీ జెల్ మార్చాను. నల్లబడ్డ మూడు తీసేశాను. పై వాలువి 11, కింది గట్టువి 14, దిబ్బవి 9 మిగిలాయి. ఏ గుంపూ 30కి చేరలేదు. తిరుగు ప్రయాణంలో మళ్లీ క్వారబ్ దారే పట్టాలి.