ఎల్లో అలర్ట్ రోజున ఉల్లిపాయలు

మాలే (మాల్దీవుల రాజధాని), జూన్ నెల, మంగళవారం రాత్రి

పొద్దున లేచేసరికే వాతావరణ శాఖ దక్షిణ అటోల్స్‌కి (అటోల్ అంటే పగడపు దీవుల గుంపు) ఎల్లో అలర్ట్ ఇచ్చింది. నైరుతి గాలుల కాలంలో ఇది మామూలే. కానీ ఇవాళ ఉత్తర హార్బర్‌లో తినదూ అనే దీవికి వెళ్ళే బోటుకి మా సరుకు ఎక్కించాలి. దాంతో టీ తాగుతున్నంతసేపూ టెన్షనే.

తినదూ హువదూ అటోల్‌లో ఉంది, ఇక్కడికి దాదాపు 400 కిలోమీటర్లు. సరుకుల బోటుకి ఒక పగలూ రాత్రీ పడుతుంది. దూరం కన్నా భయపెట్టేది మధ్యలో ఉన్న ఖాళీ సముద్రం. లాము అటోల్ దాటాక హువదూ చేరేదాకా దాదాపు 100 కిలోమీటర్లు చాటు చూసుకోవడానికి ఒక్క దీవి కూడా ఉండదు. మ్యాపుల్లో దాన్ని వన్ అండ్ హాఫ్ డిగ్రీ ఛానెల్ అంటారు. పడమటి గాలి రేగితే అక్కడ కెరటాలు బోటు పక్కకే వచ్చి కొడతాయి. కెప్టెన్ ఆగుదామంటే ఆగాల్సిందే, దాని మీద ఎవరూ వాదించకూడదు. ఆ మాట మా ఆఫీసులో గట్టిగానే చెబుతుంటాను.

తొమ్మిదికి పోర్టుకి వెళ్ళాను. తూత్తుకుడి నుంచి వచ్చిన రీఫర్ కంటైనర్‌లో (సరుకుని చల్లగా ఉంచే కంటైనర్) మా ఉల్లి, బంగాళాదుంపలు, క్యారెట్, క్యాబేజీ ఉన్నాయి. గుడ్లు వేరే కంటైనర్‌లో వచ్చాయి. ఇక్కడ దొరికే గుడ్లలో చాలా భాగం నామక్కల్ వైపు కోళ్ళ ఫారాలవే. మాలేలో కార్గో పోర్టు చాలా చిన్నది. ఊరే రెండు చదరపు కిలోమీటర్లు, అందులో పోర్టుకి మిగిలిన జాగా ఎంతని? ఓడలు బయట లంగరేసి వంతు కోసం ఎదురుచూస్తాయి. ఈసారి ఓడ ఆలస్యంగా వచ్చింది, దిగాక కాగితాల్లో బరువు ఒక చోట సరిపోలేదు. కస్టమ్స్ వాళ్ళు అడిగింది న్యాయమే. అవతల లోడింగ్ చేయించిన ఏజెంటు సరిదిద్దిన కాగితం పంపేసరికి మధ్యాహ్నమైంది. అంతసేపూ కంటైనర్ కరెంటు ప్లగ్‌లోనే ఉంది కాబట్టి బతికిపోయాం.

కాకినాడలో మా ఇంట్లో ఉల్లి ధర పెరిగిందంటే మార్కెట్ గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ ఉల్లి అంటే ముందు మాట్లాడేది గాలి గురించి, ఓడ గురించి. కొబ్బరి, చేపలు, కొన్ని దీవుల్లో పండే బొప్పాయి, పుచ్చకాయ, ఆకుకూరలు తప్ప తినేదంతా బయటి నుంచి రావలసిందే. 1981 నుంచి మన దేశానికీ మాల్దీవులకీ ఒక ఏర్పాటు ఉంది. మనం ఎగుమతులు ఆపేసిన సమయంలో కూడా వీళ్ళ కోటా వీళ్ళకి వెళ్తుంది. 2024-25కి ఇచ్చిన కోటా 42.75 కోట్ల గుడ్లు, 35,749 టన్నుల ఉల్లిపాయలు, 1.24 లక్షల టన్నుల బియ్యం. 2023 డిసెంబరులో ఉల్లి ఎగుమతి నిషేధించినప్పుడు ఆ కాగితం ముక్క ఎంత విలువైందో ఇక్కడ పనిచేసేవాళ్ళకి తెలిసింది.

కానీ కోటా మాలే వరకే. ఈ దేశంలో 1,192 దీవులు, జనం ఉండేవి 200 లోపు. మాలే రేవు నుంచి ఆ దీవుల రేవుల దాకా సరుకు వెళ్ళే దారి గురించి ఏ ఒప్పందంలోనూ ఉండదు. ఆ భాగం మోసేది చెక్క బోట్లు, ఫైబర్ బోట్లు, వాటి మీద పనిచేసే మనుషులు.

మూడింటికి పికప్‌లో సరుకు హార్బర్‌కి చేరింది. బస్తాలు దింపేవాళ్ళంతా బంగ్లాదేశ్ కుర్రాళ్ళు. "భాయ్, గుడ్లు కింద పెట్టకు, పైన పెట్టు" అంటే, "తెలుసు భాయ్, ఎండ తగలకుండా టార్పాలిన్ కూడా కప్పుతాం" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. వాళ్ళు ఆ పని చేసే చోట నీడ లేదు. మా రీఫర్‌ని మైనస్ డిగ్రీలదాకా దింపగల యంత్రం ఉంది, ఆ రీఫర్లోంచి తీసిన క్యాబేజీ మాత్రం రేవులో ఎండకి పెట్టాలి. దీవుల్లో కూరలు సగం పాడైపోయి ఉంటాయని జనం షాపువాళ్ళని తిడతారు. పాడయ్యేది షాపులో కాదు, ఈ గంటల్లో. నాలుగు గంటలకి కెప్టెన్ చెప్పేశాడు, ఇవాళ కదలం, రేపు పొద్దున అలర్ట్ చూసి నిర్ణయిద్దాం అని. క్యారెట్, క్యాబేజీ మళ్ళీ పికప్‌లో వేసి మా గోడౌన్‌కి తీసుకెళ్ళాం. ఉల్లి, గుడ్లు బోటు మీదే ఉంచాం.

ఐదింటికి అక్క ఫోన్. సొంత అక్క కాదు. రాజమండ్రి ఆవిడ, హువదూలో ఒక దీవి బడిలో లెక్కల టీచరు. ఇలా దూరపు దీవుల్లో పాఠాలు చెప్పే మన తెలుగువాళ్ళు కొందరున్నారు. ఆవిడ చెల్లెలు ఊరి నుంచి వస్తూ తెచ్చిన కందిపప్పు, చింతపండు, ఆవకాయ డబ్బా నా దగ్గర ఉన్నాయి. అట్టపెట్టె మీద మార్కర్‌తో దీవి పేరు, ఆవిడ పేరు, ఫోన్ నంబరు రాసి బోటువాళ్ళకి ఇచ్చేశాను. ఇక్కడ పార్సెల్ అంటే అంతే, రసీదు కూడా ఉండదు, అయినా చేరుతుంది.

"తమ్ముడూ, బోటు బయల్దేరిందా?"

"లేదక్కా, ఇవాళ ఆపేశారు. మీ పెట్టె లోపలే ఉంది, తడవదు."

"నా పెట్టెకేం తొందర లేదురా. మా దీవిలో షాపులో ఉల్లిపాయలు లేవు, గుడ్లు కూడా అయిపోవచ్చాయి. పిల్లలు పొద్దున టిఫిన్‌కి గుడ్డు తెచ్చుకుంటారు కదా, అందుకడిగా."

ఆ మాట విన్నాక మనసు కాస్త బరువెక్కింది. మాలే పక్కనున్న రిసార్ట్‌లకి ఆస్పరాగస్ విమానంలో వచ్చి, సాయంత్రానికి స్పీడ్‌బోటులో చేరుతుంది. అది తప్పని నేననను, ఈ దేశం బతికేదే ఆ రిసార్ట్‌ల వల్ల. కానీ ఆ ఏర్పాటులో పదో వంతు శ్రద్ధ తినదూ బోటు మీద పెడితే చాలు.

కార్గో పోర్టుని మాలే దగ్గర్లోని తిలఫుషి దీవికి మారుస్తామని ప్రభుత్వం చెబుతోంది. మాలేని తిలఫుషితో కలుపుతూ 6.74 కిలోమీటర్ల వంతెన మన దేశం సాయంతో కడుతున్నారు. పెద్ద క్రేన్లు, పెద్ద యార్డు రావాలి, చాలా అవసరం. వాటితోపాటు దీవుల బోట్లకి ఒక ప్రత్యేక జెట్టీ, పైన కప్పు, పక్కన ఒక కోల్డ్ రూమ్, కూలీలకి మంచినీళ్ళు, కూర్చునే చోటు కూడా ఆ ప్లాన్‌లో ఉండాలి. మా అసోసియేషన్ మీటింగ్ గురువారం ఉంది, ఇదే అడుగుతాను. ఎవరూ పట్టించుకోకపోతే మళ్ళీ అడుగుతాను.

రాత్రి అలర్ట్ వైట్‌కి తగ్గింది. కెప్టెన్ పొద్దున ఆరింటికి బయల్దేరతానన్నాడు. నాలుగున్నరకి క్యాబేజీ మళ్ళీ రేవుకి తేవాలి, పికప్ డ్రైవర్‌కి ఇప్పుడే చెప్పి పడుకుంటాను.