గ్రాఫిక్స్ కార్డు మార్చాక రీస్టార్ట్ అవుతూనే ఉన్న కంప్యూటర్: నా అనుభవం

తెనాలిలో మాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. షూటింగ్ ఎంత బాగా చేసినా మిగిలిన డబ్బులు చేతికొచ్చేది ఎడిటింగ్ పూర్తిచేసి పెన్‌డ్రైవ్ ఇచ్చాకే. అందరూ ఫోర్‌కే అడగడం మొదలుపెట్టాక నా కంప్యూటర్ కలర్ గ్రేడింగ్ దగ్గర చతికిలబడేది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 కార్డు. శ్రావణ మాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు సరిచేసుకుందామని ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, ఇంకో 16 జీబీ ర్యామ్ తీసుకున్నాను. విజయవాడలో నాకు ఆ సిస్టమ్ అసెంబుల్ చేసిన షాపులోనే కొన్నాను. బిగించింది కూడా వాళ్లే. "ఎస్ఎంపీఎస్ 550 వాట్లది ఉంది కదా, సరిపోతుంది సార్" అన్నారు. ఎస్ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా. 3060కి కంపెనీ చెప్పే లెక్క కూడా 550 వాట్లే కాబట్టి నాకూ అనుమానం రాలేదు.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే అంతా బ్రహ్మాండంగా ఉంది. పాటలు పెట్టుకోవచ్చు, ఆల్బమ్ డిజైన్ చేసుకోవచ్చు. ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ కూడా జారిపోతూ కదిలింది. ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసినదాన్ని వీడియో ఫైలుగా మార్చే పని) నొక్కిన కాసేపటికి మాత్రం స్క్రీన్ నల్లబడింది, ఫ్యాన్లు ఒక్క క్షణం ఆగాయి, మళ్లీ మొదటి నుంచి బూట్ అయింది. విండోస్ క్రాష్ అయితే వచ్చే బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. ఒకసారి పది శాతం దగ్గర, ఒకసారి సగం దాటాక. అవతల పెళ్లికూతురి నాన్నగారు "బాబూ, వీడియో ఎంతవరకు వచ్చింది" అని రోజూ ఫోన్. టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇలాంటప్పుడు సలహాలకు కొదవ ఉండదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిది "డ్రైవర్ సమస్య బావా, పాతది మొత్తం తుడిచేసి కొత్తది వెయ్యి" అన్నాడు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ అనే డ్రైవర్లు తుడిచేసే సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవర్ అంతా తీసేసి కొత్తది వేశాను. తేడా లేదు. వేడెక్కుతోందేమో అన్నారు ఇంకొకరు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే వేడి చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే కార్డు 68 డిగ్రీలు, ప్రాసెసర్ 74. రెండూ భయపడాల్సిన అంకెలు కావు. పైగా కొన్నిసార్లు ఎక్స్‌పోర్ట్ మొదలైన నిమిషంలోపే పోతోంది, అప్పటికి వేడెక్కడానికి టైమే లేదు. షాపుకి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు మీరు ఊహించే ఉంటారు: "విండోస్ ఫార్మాట్ చేసి చూడండి సార్." మన దగ్గర ఏ కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా మొదటి మందు ఇదే. టెరాబైట్ల కొద్దీ ఫుటేజ్, ప్లగిన్లు, లైసెన్సులు పెట్టుకున్నవాడికి అది ఎంత పనో చెప్పేవాళ్లకు పట్టదు.

ఫార్మాట్‌కి నేను ఒప్పుకోలేదు. ముందు ఒక్కటి తేల్చుకోవాలనిపించింది: రీస్టార్ట్ చేస్తున్నది విండోసా, లేక విండోస్‌కి తెలియకుండానే కరెంటు తెగిపోతోందా? ఇది తేలకుండా ఏం మార్చినా చీకట్లో చెయ్యి పెట్టడమే.

తేల్చుకోవడం పెద్ద పనేం కాదు. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ అని ఉంటుంది. అక్కడ 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' ముందున్న టిక్ తీసేయాలి. తప్పు విండోస్ లోపల జరిగితే ఇక ఆ బ్లూ స్క్రీన్ మాయం కాకుండా అక్కడే నిలబడుతుంది. టిక్ తీసి ఎక్స్‌పోర్ట్ పెట్టాను. ఏమీ నిలబడలేదు, ఎప్పటిలాగే నల్లబడి రీస్టార్ట్ అయింది. తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. సిస్టమ్ లాగ్‌లో ప్రతి రీస్టార్ట్‌కీ ఒక ఎర్రగుర్తు: కెర్నల్-పవర్, ఈవెంట్ ఐడీ 41. చాలామంది ఇందులో 'పవర్' అన్న మాట చూసి వెంటనే ఎస్ఎంపీఎస్ మీదికి వెళతారు. అది తొందరపాటు. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిన ఏ సందర్భంలోనైనా, బ్లూ స్క్రీన్ వచ్చినా సరే, 41 పడుతుంది. చూడాల్సింది డీటెయిల్స్ ట్యాబ్‌లో 'బగ్‌చెక్ కోడ్' దగ్గర ఉన్న అంకె. అక్కడ ఏదైనా నంబరు ఉంటే విండోస్ క్రాష్ అయిందని, దాన్ని పట్టుకుని డ్రైవరో ర్యామో వెతకవచ్చు. నా దాంట్లో అన్నింటికీ సున్నా. క్రాష్ వివరాలు విండోస్ దాచే మినీడంప్ ఫోల్డర్ కూడా ఖాళీ. అంటే విండోస్‌కి ఏం జరిగిందో రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట.

అయినా ఒకేసారి రెండు భాగాలు మార్చాం కాబట్టి ర్యామ్‌ని వదిలెయ్యలేను. బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆపేసి ర్యామ్‌ని మామూలు వేగానికి దించాను. రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపితే ఒక్క ఎర్రర్ రాలేదు. కొత్త ర్యామ్ తీసేసి నడిపినా కార్డు ఉన్నంతసేపూ రీస్టార్టే. కొత్త ర్యామ్ ఉంచి, కార్డు తీసి పాత 1650 పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎక్స్‌పోర్ట్ నత్తనడకన నడిచింది గానీ ఎక్కడా ఆగలేదు. ర్యామ్ నిర్దోషి.

ఇక కార్డే చెడ్డదనుకుని ప్యాసింజర్ రైల్లో విజయవాడ పట్టుకెళ్లాను. షాపులో వాళ్ల టెస్టింగ్ సిస్టమ్‌కి పెట్టి, కార్డు మీద పూర్తి లోడు వేసే ఫర్‌మార్క్ నడిపారు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చినా హాయిగా తిరుగుతూనే ఉంది. "చూశారా సార్, కార్డు బంగారం. మీ విండోసే" అన్నాడు కుర్రాడు. నా చూపు మాత్రం వాళ్ల టెస్టింగ్ బల్ల మీదున్న ఎస్ఎంపీఎస్ మీద పడింది. అది 850 వాట్లది.

"మా ఎస్ఎంపీఎస్ కూడా ఒకసారి చూడు తమ్ముడూ" అంటే, అది చెడిపోలేదని చూడకుండానే తీర్మానించేశాడు. అన్యాయంగా ఏం అనలేదు లెండి. అంతకుముందు తెనాలిలో ఒక మెకానిక్ మల్టీమీటర్ పెట్టి చూస్తే 12 వోల్టుల పసుపు వైరు మీద ఖాళీగా ఉన్నప్పుడు 11.9, ఎక్స్‌పోర్ట్‌లో 11.6 వోల్టులు వచ్చాయి. 11.4 నుంచి 12.6 మధ్య ఉంటే చాలు కాబట్టి ఆ లెక్కన అది పాసే. ఇబ్బంది ఏంటంటే, ఈ తరం గ్రాఫిక్స్ కార్డులు పని మధ్యలో కొన్ని మిల్లీసెకన్ల పాటు రాసి ఉన్న వాట్ల కంటే చాలా ఎక్కువ లాగుతాయి. చేను దగ్గర బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు ఒక్క క్షణం మసకబారినట్టు, ఆ కాసింతసేపు 12 వోల్టుల లైను కిందికి జారుతుంది. మామూలు మల్టీమీటర్‌కి అంత చిన్న జారుడు కనపడదు. మదర్‌బోర్డుకి మాత్రం తెలుస్తుంది. కరెంటు సవ్యంగా ఉందని ఎస్ఎంపీఎస్ ఒక బూడిదరంగు వైరు ద్వారా బోర్డుకి ఎప్పుడూ సంకేతం ఇస్తూ ఉంటుంది. వోల్టేజ్ జారి ఆ సంకేతం తెగితే బోర్డు వెంటనే రీసెట్ అవుతుంది. బ్లూ స్క్రీన్ లేకుండా నల్లబడి మళ్లీ మొదలవడం సరిగ్గా ఇదే.

ఇంటికొచ్చి క్యాబినెట్ విప్పి, ఎస్ఎంపీఎస్ పక్కనున్న లేబుల్ చదివాను. పైన పెద్ద అక్షరాల్లో 550. కింద పట్టికలో 12 వోల్టుల గడిలో 28 ఆంపియర్లు. 12ని 28తో గుణిస్తే 336 వాట్లు. మిగతాదంతా 3.3, 5 వోల్టుల లైన్లలో లెక్కేసి 550 చేశారు. ఇప్పటి కంప్యూటర్లో ప్రాసెసరూ కార్డూ రెండూ తాగేది 12 వోల్టుల లైనే. కార్డుకి 170, ప్రాసెసర్‌కి పూర్తి లోడులో 88, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు ఇంకో 40, 50. మొత్తం దాదాపు 300. అయిదేళ్లు రోజంతా నడిచిన ఎస్ఎంపీఎస్‌కి అదే అంచు. దాని మీద ఆ క్షణికపు లాగుడు. పాత 1650 మదర్‌బోర్డు స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే బతికేది, వేరే వైరు కూడా లేదు. అందుకే అన్నేళ్లూ బండారం బయటపడలేదు. కంపెనీ 550 అన్నది నిజమైన 550 గురించి.

రుజువు ఇంకా కావాలి. ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్‌ని 70 శాతానికి తగ్గించాను. అంటే దాదాపు 120 వాట్లు. ఎక్స్‌పోర్ట్ పెట్టాను. చివరిదాకా వెళ్లింది! కాస్త నెమ్మదే గానీ పాత కార్డుకంటే ఎన్నో రెట్లు నయం. 100 శాతానికి పెంచితే మళ్లీ రీస్టార్ట్. నన్నడిగితే ఈ గొడవ మొత్తంలో అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే. పైసా ఖర్చు లేదు, స్క్రూ విప్పక్కర్లేదు, అనుమానం ఎటు తిప్పాలో చెప్పేస్తుంది. పైగా పెళ్లివారి వీడియో ఆ 70 శాతం మీదే పూర్తిచేసి ఇచ్చేశాను.

తర్వాత తెలిసిన స్టూడియో అన్న దగ్గర 650 వాట్ల ఎస్ఎంపీఎస్ అడిగి తెచ్చి పెట్టాను. ఇక్కడ ఒక జాగ్రత్త. వైర్లు ఊడదీసే మాడ్యులర్ రకాలైతే ఒకదాని వైర్లు ఇంకోదానికి పెట్టకూడదు. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకంగా ఉంటుంది, ప్లగ్ పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, బోర్డులూ డిస్కులూ కాలిపోతాయి. ఆయన వైర్లతో సహా తెచ్చి పెట్టి, పవర్ లిమిట్ 100కి తెచ్చి, పెద్ద రిసెప్షన్ వీడియో ఎక్స్‌పోర్ట్‌కి వేశాను. ఆగలేదు.

కొత్తది 650 వాట్లదే కొన్నాను. ఈసారి 12 వోల్టుల గడి చూశాకే డబ్బులిచ్చాను: 54 ఆంపియర్లు, అంటే 648 వాట్లు. డబ్బా మీద 80 ప్లస్ బ్రాంజ్ అని ఉంటుంది గానీ అది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతుందో చెప్పే ముద్ర మాత్రమే, లోపల సరుకు గట్టిదని హామీ కాదు. షాపాయనకు పాత లేబుల్ చూపిస్తే, "మొదట్లోనే మంచిది వేస్తే రేటెక్కువంటారు కదా సార్" అన్నాడు. అందులోనూ కొంత నిజం ఉంది. కొటేషన్ బేరమాడేటప్పుడు అందరం ప్రాసెసర్, కార్డు, ర్యామ్ గురించే అడుగుతాం, ఎస్ఎంపీఎస్ దగ్గర ఎవరూ నోరు మెదపం.

రీస్టార్ట్‌లు పోయాయి గానీ ఇంకోటి బయటపడింది. ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టింది. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని కొన్న దాని మీద 360 వాట్లని చిన్నగా రాసి ఉంది. మానిటర్‌తో కలిపి ఆ హద్దు దాటుతున్నాం, కరెంటు పోతే వెంటనే చేతులెత్తేస్తుంది. 660 వాట్లది తెచ్చుకున్నాను. కొనే ముందు షాపులోనే లోడు పెట్టించి ప్లగ్ పీకించి చూశాను, ఎందుకంటే కొన్ని ఎస్ఎంపీఎస్‌లు చవకరకం యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే కరెంటుని ఒప్పుకోవు. పాత ఎస్ఎంపీఎస్ పారెయ్యలేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని బిల్లింగ్ కంప్యూటర్‌కి బిగించాం, అక్కడ దాని బరువు అది మోసుకుంటోంది.