తాళం వేసిన ఫస్ట్ ఎయిడ్ డబ్బా

బెంగళూరు పీణ్యాలో మాది చిన్న యూనిట్, నలభై మంది లోపే ఉంటాం. సగం మంది మన అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు వాళ్లే కాబట్టి మెషిన్ల దగ్గర కన్నడ కన్నా తెలుగే ఎక్కువ వినిపిస్తది.

పోయిన ఎండాకాలం ఒకరోజు మధ్యాహ్నం షిఫ్ట్ మారే టైంకి కదిరి కుర్రాడొకడు లేత్ (ఇనుముని తిప్పుతూ చెక్కే మెషిన్) మీద చుట్టుకున్న, చెక్కగా ఊడిన ఇనప చిప్‌ని కొక్కెంతో లాగకుండా చేత్తో పట్టి లాగేశాడు. ఆ చిప్ బ్లేడు లెక్క ఉంటది, బొటనవేలి కింద నుంచి అరచెయ్యి అడ్డంగా తెగింది. మెషిన్ చల్లబడటానికి పోసే, పాలలా ఉండే కూలెంట్‌లో రక్తం పడి గులాబీ రంగులో ట్రేలోకి కారడం ఇంకా నా కళ్లముందే ఉంది.

నేను ఫస్ట్ ఎయిడ్ డబ్బా కోసం పరిగెత్తా. గోడకి తెల్ల డబ్బా ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి స్టోర్స్ ఆయన దగ్గర ఉంది, ఆయనేమో వాళ్ల నాన్న సంవత్సరీకానికి ఊరెళ్లాడు. స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించి చూస్తే లోపల తుప్పుపట్టిన కత్తెర, ఎండి గడ్డకట్టిన బెటాడిన్ సీసా, జిగురు పోయిన బ్యాండ్ ఎయిడ్లు, పాత క్యాంటీన్ బిల్లులు. గాయం మీద పెట్టే పలచని గాజ్ గుడ్డ ఒక్కటి కూడా లేదు. ఒకరు కాఫీ పొడి అద్దుదామంటారు, ఇంకొకరు పసుపు అంటారు, వద్దని అరిచా. చివరికి ఆఫీసులో దేవుడి పటం దగ్గర వత్తుల కోసం పెట్టుకున్న దూది తెచ్చి గాయం మీద పెట్టి కట్టాం.

అదే తప్పయింది. క్లినిక్‌లో డాక్టర్ గారు ఆ దూది పోగులు లైటు కింద ఒక్కొక్కటీ ఫోర్సెప్స్‌తో ఏరడానికి పావుగంట పట్టింది, వాడు పళ్లు బిగబట్టి అమ్మకి మాత్రం చెప్పొద్దన్నా అని ఒకటే మాట. ఏడు కుట్లు, ఒక టీటీ ఇంజెక్షన్. ఆయన కోప్పడకుండానే చెప్పారు, దూది డైరెక్టుగా పచ్చి గాయం మీద పెట్టకూడదు, శుభ్రమైన గాజ్ పెట్టి గట్టిగా అదిమి పట్టుకుని చెయ్యి పైకెత్తి ఉంచాలి, ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడొద్దు, తడిసిపోతే దాని మీదే ఇంకోటి పెట్టాలి గానీ కిందది పీకొద్దు అని. ఇంత చిన్న సంగతి మా నలభై మందిలో ఒక్కడికీ తెలీదు.

ఆ రాత్రి నిద్ర పట్టక చట్టంలో ఏముందో చదివా. 1948 ఫ్యాక్టరీల చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది) సెక్షన్ 45లో ఎప్పుడో రాసిపెట్టారు, ప్రతి 150 మందికి కనీసం ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఉండాలి, పని గంటల్లో అది వెంటనే చేతికి అందాలి, అందులో పెట్టాల్సినవి తప్ప వేరేవి పెట్టకూడదు, ప్రతి బాక్స్‌కీ ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉన్న బాధ్యుడొకరు ఉండాలి, ఆ మనిషి డ్యూటీ టైమంతా అందుబాటులో ఉండాలి అని. క్యాంటీన్ బిల్లులు గుర్తొచ్చి నాకు చాలా బాధేసింది. అందులో అన్నింటికన్నా ముఖ్యమైనది ఆ చివరి మాటే అని నా నమ్మకం, ఎందుకంటే సరుకు ఎవరైనా కొంటారు, కానీ ఇది నాది అనుకునే మనిషి లేకపోతే ఆర్నెల్లకి మళ్లీ అదే తుప్పు కత్తెర మిగుల్తది.

మరుసటి రోజే ఓనర్ గారిని అడిగితే ఆయన మారు మాట్లాడకుండా డబ్బులిచ్చారు. రెడీమేడ్ డబ్బా కొనకుండా మా దగ్గర జరిగే దెబ్బల్ని బట్టి నేనే సామాన్లు తెచ్చా. స్టెరైల్ గాజ్ ప్యాకెట్లు చిన్నవీ పెద్దవీ బాగా ఎక్కువ, రోలర్ బ్యాండేజీలు, క్రేప్ బ్యాండేజీ, చెయ్యి వేలాడగట్టడానికి ముక్కోణపు గుడ్డ, మైక్రోపోర్ టేపు, కొత్త కత్తెర, పట్టకారు, గ్లవ్స్ పదిజతలు, బెటాడిన్, ఓఆర్ఎస్. గ్లవ్స్ ఎందుకంటే పక్కవాడి రక్తం మన చేతికి అంటకూడదు, ఇవి కట్టు కట్టేటప్పుడే, తిరిగే లేత్ దగ్గర మాత్రం ఏ గ్లవ్సూ వేసుకోవద్దు, చిక్కుకుంటే చెయ్యే లోపలికి పోతది.

కళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. కూలెంట్ గానీ జిడ్డు పోగొట్టే డీగ్రీజర్ గానీ కంట్లో పడితే నలపకుండా రెప్పలు తెరిచి పట్టుకుని ధారగా మంచినీళ్లతో పదిహేను ఇరవై నిమిషాలు కడగాలి, కడిగాక డాక్టర్‌కి చూపించాలి, అందుకే వాష్ ఏరియాలో ఒక కుళాయికి పైపు బిగించి పైన కన్ను బొమ్మ అంటించా. క్యాంటీన్‌లో సాంబారు ఒలికి కాలిందనుకోండి, టూత్‌పేస్ట్ పూయడం, ఐసు పెట్టడం రెండూ వద్దు, ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టడమే, వాచీ చూసి మరీ పెట్టాలి, ఎందుకంటే మంటలో రెండు నిమిషాలే ఇరవైలా అనిపిస్తది.

ఇంకోటి రాయడానికే చెయ్యి రావట్లేదు కానీ మా పనిలో అవసరం. ప్రెస్‌లోనో మెషిన్‌లోనో వేలు తెగిపడితే ముందు మనిషికి రక్తం ఆపాలి, ఆ వేలిని తడి గాజ్‌లో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి ఆ కవర్‌ని ఐసులో ఉంచి మనిషితో పాటే ఆస్పత్రికి పంపాలి. ఐసు నేరుగా తగలకూడదు, తగిల్తే చర్మం, నరాలు పాడైపోతాయి. అందుకని డబ్బాలో రెండు జిప్ కవర్లు కూడా పెట్టా. మూతకి లోపలివైపు 108, దగ్గర్లో ఉన్న ఆస్పత్రి నంబరు తెలుగు, కన్నడ, హిందీలో రాశాం.

ఇప్పుడు తాళం లేదు. దానికి బదులు పలచని కాగితం సీలు అంటిస్తాం, చింపితే తెలిసిపోతది, చింపినవాడు పక్కనున్న నోట్‌బుక్‌లో ఏం తీశాడో రాయాలి. బ్యాండ్ ఎయిడ్ ఒక్కటి తీసినా సరే.

ఆ కదిరి కుర్రాడే ఒక రోజు ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, ఇప్పుడు డబ్బా వాడిదే, ఇంకో షిఫ్ట్‌కి వేరే అతను ఉన్నాడు. ప్రతి నెలా ఒకటో తారీఖు టీ టైంలో వాడు డబ్బా దించి, ఒక్కో ప్యాకెట్ వెనక్కి తిప్పి ఎక్స్‌పైరీ డేటు చదువుతాడు, గాజ్ ప్యాకెట్‌కీ డేటు ఉంటదని మాకందరికీ చెప్పింది వాడే. మొన్న ఒకటో తారీఖున నా దగ్గరికొచ్చి అన్నా పెద్ద గాజ్ రెండే మిగిలినాయి, ఈరోజే తెప్పియ్ అన్నాడు. నోట్‌బుక్ చాపిన చేతి మీద ఆ కుట్ల గీత తెల్లగా కనపడింది. సాయంత్రం వెళ్లి ఇరవై తెచ్చా.