పదిహేను ఎకరాల గడిలో మా పత్తి చేను

2015 వానాకాలంలో రాయపర్తి వైపున్న మా చలకలో పత్తి బెట్టకు వచ్చి, గూడంతా, అంటే పూతకు ముందు వచ్చే మొగ్గలన్నీ, రాలిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఉపగ్రహ సమాచారంతో పని చేయడం నేర్చుకున్నప్పుడు నేను మొట్టమొదట వెతికి చూసినది ఆ చేనినే. మోడిస్ అనే ఉపగ్రహ పరికరం తీసిన చిత్రాల్లో మాత్రం ఆ చోటు పచ్చగానే ఉన్నట్టు కనిపించింది.

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకొని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనాన్ని కొలిచే సూచీ. మోడిస్‌లో దాని ఒక్కో గడి, అంటే చిత్రంలోని ఒక్కో చుక్కకు నేల మీద వచ్చే చోటు, 250 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంటే దాదాపు 15 ఎకరాలు. మా రెండెకరాల పత్తి, పక్కన బోరు కింద పారే వరి, ఒర్రె వెంబడి తుమ్మలు అన్నీ కలిసి అక్కడ ఒకే అంకెగా మారతాయి. ఆ పటం చూపిస్తే మా పెద్దనాయన, "పచ్చగ కనవడేదంత పంటనేనా బిడ్డా?" అని అడిగాడు.

అందుకే ఇప్పుడు వానను, పచ్చదనాన్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. వానకు చిర్ప్స్ వాడతాను; అది ఉపగ్రహ సమాచారాన్ని, నేల మీది వానమాపకాల లెక్కలను కలిపి తయారుచేసిన వాన లెక్క. దాని గడి సుమారు 5 కిలోమీటర్లదే అయినా, 1981 నుంచి లెక్క దొరుకుతుంది. సీజను మొత్తం వాన చూస్తే సరిపోదు, ఎందుకంటే పూత దశలో మూడు వారాలు చినుకు లేకపోతే, ఆ తర్వాత ఎంత కురిసినా రాలిన గూడ తిరిగి రాదు. అదే బెట్టను రేగడి కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, చలక ఓర్చుకోదు. ఆకు వాడడం ఉపగ్రహానికి ఆలస్యంగానే తెలుస్తుంది కనుక, ముందుగా హెచ్చరించేది వాన లెక్కే. పచ్చదనాన్ని కూడా పక్క ఊరితో కాక, అదే గడిలో అదే పక్షానికి 2000 నుంచి నమోదైన కనిష్ఠ, గరిష్ఠ విలువలతో పోల్చాలి.

సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాల చిత్రాల్లో గడి 10 మీటర్లే కాబట్టి మా చేను విడిగా కనిపిస్తుంది. అయితే ఆగస్టు మొగులు దానికి పెద్ద అడ్డంకి.

కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ ఉపగ్రహ సూచీలతో పాటు క్షేత్ర పరిశీలన కూడా జరగాలంటుంది. ఆ పరిశీలన బోరు లేని చేన్ల నుంచే మొదలు కావాలని నా గట్టి అభిప్రాయం. మా ఊళ్లో అలాంటి చేన్ల హద్దులను ఫోనులో గుర్తిస్తున్నాను; చెరువు కట్టకు పడమటి వైపు పూర్తయింది, తూర్పు వైపు ఇంకా నడవాలి.