దుప్పికి 243 చాలు, లోపలి బుల్లెట్ సరైనదైతే

టెక్సాస్ హిల్ కంట్రీలో దుప్పి వేటకి ఏ రైఫిల్ కొనాలని అడిగితే చాలామంది ముందు పెద్దవాటి పేర్లే చెప్తారు. 30-06, 300 మాగ్నమ్ లాంటివి. ఇవన్నీ రైఫిల్‌లో వేసే తూటా రకాల పేర్లు, రైఫిల్‌నీ ఆ పేరుతోనే పిలుస్తారు. నేను 5 అడుగుల 1 అంగుళం మనిషిని, నాకు అవి అక్కర్లేదు. వాటికంటే చిన్న తూటా వేసే 243 విన్చెస్టర్‌తోనే వేటాడతాను. ఎవరైనా అడిగినా ముందు దాని పేరే చెప్తాను. వెంటనే ఇంకో ప్రశ్న కూడా వేస్తాను: అందులో ఏ బుల్లెట్ వేస్తారు?

ఇక్కడ నేను వేటాడేది మన చుక్కల దుప్పినే. 1932లో దాన్ని టెక్సాస్‌కి తెచ్చారు. కంచెల్లోంచి బయటపడి, ఇప్పుడు హిల్ కంట్రీలో ఎక్కడ చూసినా మందలుగా కనిపిస్తుంది. బయటినుంచి వచ్చిన జంతువు కాబట్టి రాష్ట్రం దానికి సీజన్ పెట్టలేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వేటాడొచ్చు. ఇక్కడి సొంత జింక వైట్‌టెయిల్‌కి మాత్రం సీజన్, ట్యాగులు అన్నీ ఉన్నాయి.

మా నాయిన నల్లమలలో, మన్ననూరు వైపు అటవీశాఖలో పనిచేసి రిటైరయ్యారు. 1972 వన్యప్రాణి చట్టం కింద దుప్పుల్ని చంపినవాళ్ళ మీద కేసులు రాసిన మనిషి. ఇక్కడ నేను వేటకి వెళ్తున్నానని చెప్తే ముందు లైసెన్సు సంగతి అడిగారు. తర్వాత, "ఒక్క దెబ్బకు పోతదా బిడ్డా? గాయంతోని తిరిగితే ఆ పాపం మనదే" అన్నారు. తూటా ఎంచుకునేటప్పుడు నేను చూసేదంతా ఆ ప్రశ్నకి జవాబు కోసమే.

మొదట రైఫిల్ తన్నే తన్ను సంగతి, అంటే కాల్చగానే అది భుజాన్ని వెనక్కి కొట్టే దెబ్బ. దాదాపు ఒకే బరువున్న రైఫిళ్ళలో 243 తన్ను 30-06 తన్నులో సగం ఉంటుందేమో, అంతే. ఇది సుఖం కోసం చెప్పే మాట కాదు. గట్టిగా తన్నే రైఫిల్‌తో రేంజ్‌లో నాలుగు తూటాలు కాల్చాక ట్రిగ్గర్ నొక్కే ముందే ఒళ్ళు బిగుసుకుంటుంది, కళ్ళు మూతపడతాయి. ఆ టెన్షన్‌తో కొట్టిన దెబ్బ ఊపిరితిత్తులకి తగలాల్సింది పొట్టకి తగులుతుంది. పొట్టకి తగిలిన దుప్పి గంటల తరబడి బాధపడుతుంది. 30-06కి ఎంత బలమున్నా అప్పుడు పనికిరాదు. నా భుజం ఓర్చుకునే రైఫిల్ అయితే విసుగు లేకుండా సాధన చేస్తాను, తగలాల్సిన చోట తగిలిస్తాను.

ఇక బుల్లెట్. కార్ట్రిడ్జ్ అంటే మొత్తం తూటా. అందులో ఇత్తడి డొప్ప, అడుగున మందుని అంటించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్ ఉంటాయి. జంతువు దాకా వెళ్ళేది ఆ చివరిదొక్కటే. బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో చెప్తారు. 243కి 55, 58 గ్రెయిన్ల తేలికపాటి బుల్లెట్లు దొరుకుతాయి. 100 గ్రెయిన్లంటే ఆరున్నర గ్రాములు, ఇక వీటి బరువు ఎంతో ఊహించుకోండి. ఇవి కొయోటీల్లాంటి చిన్న జంతువుల కోసం చేసినవి, తగలగానే పగిలిపోతాయి. దుప్పి జబ్బ ఎముక మీద పడితే పైపైన పెద్ద గాయం చేసి అక్కడే ఆగిపోవచ్చు. "243తో కొట్టా, పారిపోయింది" అని ఎవరైనా అంటే ఏ బుల్లెట్ వాడారని అడగండి.

దుప్పికి నా లెక్కలో రెండే దారులు. ఒకటి, 95 లేదా 100 గ్రెయిన్ల గట్టి బుల్లెట్. నోస్లర్ కంపెనీ పార్టిషన్ లాంటిదన్నమాట. దాని మధ్యలో అడ్డంగా రాగి గోడ ఉంటుంది. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. రెండోది, పూర్తిగా రాగితో చేసిన 80 గ్రెయిన్ల బార్న్స్ కంపెనీ బుల్లెట్. నేను వాడేది ఇదే. ఓసారి మాంసం కోస్తుంటే అవతలి వైపు తోలు కింద ఇరుక్కున్న బుల్లెట్ దొరికింది. ముందు భాగం నాలుగు రేకులుగా వెనక్కి మడుచుకుంది, ఒక్క రేకూ ఊడలేదు. అడుగున రైఫిల్ గొట్టం లోపలి మెలి గాడుల గీతలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

రాగి వైపు నేను మొగ్గడానికి అసలు కారణం మా అమ్మాయి. సీసం బుల్లెట్ తగిలిన మాంసాన్ని ఎక్స్‌రే తీస్తే గాయానికి ఎడంగా కూడా సన్నని సీసం ముక్కలు కనిపిస్తాయి. పిల్లలు తినే కూరలో అది నాకు వద్దు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం బుల్లెట్లు పూర్తిగా నిషేధం. టెక్సాస్‌లో ఆ నియమం లేదు. అయినా నేను పాటిస్తాను.

రాగి కొనేముందు ఒక్కటి చూసుకోండి. రాగి సీసం కంటే తేలిక, కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది. పొడుగు బుల్లెట్ గాలిలో నిలకడగా వెళ్ళాలంటే గొట్టంలో గాడులు దాన్ని తగినంత వేగంగా తిప్పాలి. 1955లో విన్చెస్టర్ 243ని 10 అంగుళాలకు ఒక చుట్టుతో తెచ్చింది, అంటే గొట్టంలో 10 అంగుళాలు వెళ్ళేలోపు బుల్లెట్ ఒకసారి తిరుగుతుంది. ఈ అంకె తగ్గేకొద్దీ వేగంగా తిరుగుతుంది. అదే ఏడాది రెమింగ్టన్ కంపెనీ అదే సైజు బుల్లెట్‌తో 244ని తెచ్చింది కానీ చుట్టు 12 అంగుళాలకు పెట్టింది. 100 గ్రెయిన్ల కొనదేరిన బుల్లెట్లు అందులో సరిగ్గా నిలబడవన్న పేరొచ్చింది. జింకల వేటగాళ్ళు 243 వైపే వెళ్ళిపోయారు. 1963లో రెమింగ్టన్ చుట్టు 9కి తగ్గించి, పేరు 6 ఎంఎం రెమింగ్టన్‌గా మార్చినా పోయిన గిరాకీ తిరిగి రాలేదు. నా రైఫిల్‌ది 10. 80 గ్రెయిన్ల రాగికి అది సరిపోతోంది, 100 గజాల దగ్గర దెబ్బలన్నీ పక్కపక్కనే గుంపుగా పడుతున్నాయి.

ఇంకా సన్నని బుల్లెట్ ఉండే 223తో కొట్టొచ్చా అంటే, టెక్సాస్ చట్టం ఒప్పుకుంటుంది. కొలరాడోలో అయితే జింకకి బుల్లెట్ కనీసం 24 క్యాలిబర్ (అంగుళంలో వందకి 24 వంతుల లావు), 70 గ్రెయిన్లు ఉండాలి. నాకు కొలరాడో నియమమే సబబుగా తోస్తుంది. బలిసిన మగ దుప్పి 200 పౌండ్ల దాకా తూగుతుంది. 243 కంటే కాస్త పెద్దదైన 6.5 క్రీడ్‌మోర్ తూటా మంచిదే, తన్ను కాస్త ఎక్కువ. భుజం ఒప్పుకుంటే నిశ్చింతగా తీసుకోండి. నేను మాత్రం 200 గజాలు దాటి కొట్టను. దుప్పి పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగి, ముందు కాలి వెంబడే పైకి చూసి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర కొడతాను. ఎదురుగా నిలబడితే కొట్టను.

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి రేంజ్‌కి వెళ్ళకముందే లైసెన్సు తీసుకోండి. 1971 సెప్టెంబర్ 2న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా కావాలి.

ఆస్టిన్ చుట్టుపక్కల మన ఆడవాళ్ళు ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే, ఆ కాగితాలు చేతికొచ్చాక నాకు మెసేజ్ పెట్టండి. నా రైఫిల్‌కి పొట్టి స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉంది, చిన్న చేతులకి సరిగ్గా అందుతుంది. చెవులకి మఫ్స్ ఇంకో జత కూడా ఉన్నాయి.