హెడ్‌లైట్ల పసుపు వదిలించే పని పెట్టుకునేవాళ్లకు

మసకబారిన హెడ్‌లైట్‌ను ఒక పూటలో తళతళలాడించడం పెద్ద విద్యేమీ కాదు. టూత్‌పేస్టుతో రుద్దినా కొన్నాళ్లు మెరుస్తుంది. ఆ మెరుపు మూడు నెలలకే పసుపెక్కితే కస్టమరు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు, ఈసారి డబ్బివ్వడానికి మాత్రం కాదు. తిరిగొచ్చిన బండికి మళ్లీ పట్టే సమయం, సామాను, ఆ రోజు వదులుకున్న కొత్త పని, అన్నీ కలిపితే మొదటిసారి మిగిలింది కాస్తా హరించుకుపోతుంది. అందుకే పాలిషింగ్ గురించి తక్కువ చెప్పి, ఏ బండి పట్టుకోవాలి, పైన ఏ పూత వేయాలి అన్నవాటి గురించే ఎక్కువ చెబుతాను.

ఇప్పటి కార్ల హెడ్‌లైట్ ముందు కనిపించే లెన్స్ గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. రాయి తగిలినా పగలదు, వేడికి ఆగుతుంది. ఎండావానల్లో తిరిగేటప్పుడు దానికి రెండు పెద్ద బలహీనతలు: సులువుగా గీతలు పడతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కుతుంది. అందుకే ఫ్యాక్టరీలోనే దానిపైన కొన్ని మైక్రాన్ల మందంలో గట్టి పూత వేసి పంపిస్తారు. ఏళ్ల తరబడి ఎండకు ఆ పూత పొరలుగా లేచిపోతుంది, దాని కింది ప్లాస్టిక్ మసకబారుతుంది. మనం గరుకు కాగితం పెట్టి రుద్దామంటే మిగిలిన ఫ్యాక్టరీ పూత కూడా పోయినట్టే. ఇక ఆ ప్లాస్టిక్‌కు ఏ రక్షణా ఉండదు. టూత్‌పేస్టు వైద్యం ఎందుకు నిలవదో దీన్నిబట్టే తెలుస్తుంది.

కస్టమరుకు "కొత్తదానిలా అయిపోతుంది" అని మాటివ్వకండి. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పరీక్షించి చూస్తే, బాగా పాడైన లెన్స్‌ల నుంచి లో బీమ్‌లో వచ్చే వెలుగు కొత్తవాటిలో ఐదో వంతు దగ్గరే ఉంది. బాగుచేశాక దాదాపు 70 శాతానికి చేరింది. చాలా పెద్ద మెరుగుదలే, కానీ నూటికి నూరు కాదు. ఉన్నదున్నట్టు చెప్పినా పని దొరుకుతుంది.

బండి రాగానే ముందు లెన్స్ కడిగి ఆరబెట్టి, తర్వాత దాని మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపూ లెన్స్ తేటగా కనిపిస్తే లోపం పైపొరలోనే ఉంది, పని చేయొచ్చు. తడిలోనూ మసక పోకపోతే అది లోపలివైపుదన్నా అయ్యుండాలి, ప్లాస్టిక్ లోతుకు దిగిన సన్న పగుళ్లన్నా అయ్యుండాలి. టార్చ్‌లైటు పక్కనుంచి వాలుగా వేస్తే సాలెగూడులాంటి ఆ పగుళ్లు కనిపిస్తాయి. ఎంత రుద్దినా అవి పోవు. లోపల నీటిబొట్లు ఉంటే సీలు పోయిందో, గాలి ఆడే రంధ్రం మూసుకుపోయిందో, ఆ సంగతి తేలాకే మిగతాది. లోపలి రిఫ్లెక్టర్ మెరుపు పోయి బూడిదరంగుకు తిరిగి ఉంటే పైన లెన్స్ ఎంత తేటపడినా రోడ్డు మీద వెలుగు పెరగదు. ఇలాంటివి మొహమాటం లేకుండా వెనక్కి పంపేయాలి.

పనికొచ్చే బండి అయితే మాస్కింగ్ టేపు దగ్గర పిసినారితనం వద్దు. బంపర్, బానెట్, ఫెండర్ అంచులకు రెండు వరసలు వేయాలి. అంచుల దగ్గర పెయింటు పలుచగా ఉంటుంది, మెషిన్ ఒక్కసారి జారితే లోపలి ప్రైమర్ బయటపడుతుంది. బానెట్ మూసి ఉన్నప్పుడు లెన్స్ పై అంచు దాని కింద దాక్కుంటే బానెట్ ఎత్తి పెట్టుకునే పని చేయండి. టేపు మాత్రం లెన్స్ మీదికి ఎక్కకూడదు. టేపు కింద మిగిలిన పాత పూత దగ్గరే రేపు కొత్త పూత లేవడం మొదలవుతుంది.

ఇక రుద్దడం. పాత పూత పొరలుగా లేచి ఉంటే 400 నంబరు వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో మొదలుపెట్టాలి (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). కేవలం పసుపే అయితే 800తో సరిపోవచ్చు. స్ప్రే బాటిల్ నీళ్లలో ఒకటి రెండు చుక్కల షాంపూ వేసుకుంటే కాగితం పట్టేయదు. వేళ్లతో నేరుగా నొక్కితే వేళ్ల ఒత్తిడికి గాడులు పడతాయి, కాగితం వెనక మెత్తటి ప్యాడ్ ఉండాలి. మొదట కారే నీళ్లు పసుపుగా, జిగురుగా ఉంటాయి. పాత పూత పోతున్నకొద్దీ అవి పల్చటి పాలలా తెల్లబడతాయి. లెన్స్ మధ్యలో తెల్లబడగానే చాలామంది తర్వాతి నంబరుకు వెళ్లిపోతారు. అది తొందరపాటు. మూలల్లో, అంచుల్లో, లెన్స్ మీద ఉబ్బెత్తుగా ఉండే అక్షరాల చుట్టూ కూడా తెల్ల నీళ్లే కారేదాకా మొదటి కాగితం వదలకండి. మొత్తం పనిలో సగం సమయం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా.

400తో అడ్డంగా రుద్దితే 800తో నిలువుగా, 1000తో మళ్లీ అడ్డంగా రుద్దండి. ప్రతి నంబరు తర్వాత తుడిచి ఆరబెట్టి చూస్తే, వెనకటి దిశలో గీతలు మిగిలాయో లేదో ఇట్టే తెలిసిపోతుంది. మిగిలితే ముందుకు పోవద్దు. 400 గీతను 2000 తీయలేదు. మెషిన్ వాడేవాళ్లు తిరుగుతూనే అటూ ఇటూ కదిలే 3 అంగుళాల డ్యూయల్ యాక్షన్ తీసుకోండి. గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ ఒకే చోట క్షణం ఆగినా రాపిడి వేడికి ప్లాస్టిక్ కరిగి మచ్చ పడుతుంది.

ఏ నంబరు దగ్గర ఆపాలన్నది మీరు వేయబోయే పూతను బట్టి ఉంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. గట్టిపడడానికి హార్డెనర్ అనే రెండో భాగం కలిపే టూకే క్లియర్ కోట్ (రంగులేని పూత) అయితే 800 లేదా 1000 దగ్గర ఆపేయాలి. లెన్స్ తెల్లగా మసకగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు, ఆ సన్నగీతలు పూతతో నిండి తేటబడతాయి, పూతకు పట్టు కూడా వాటివల్లే వస్తుంది. 3000 దాకా వెళ్లి, కాంపౌండ్ (పాలిష్ పేస్టు) పెట్టి మెరిపించి, ఆ తర్వాత క్లియర్ కొడితే కొద్ది నెలల్లో రేకులా ఊడి చేతికొస్తుంది. గుడ్డతో తుడిచే పల్చటి పూతలకు మాత్రం 2000 లేదా 3000 దాకా పోవాలి, పలుచని పూత లోతైన గీతలను నింపలేదు. సిరామిక్ పూత అయితే పూర్తిగా పాలిష్ చేశాకే. ఏదైనా సరే, డబ్బాతో వచ్చే సూచనల కాగితంలో రాసిన నంబరే ఆఖరి మాట. వ్యాక్స్‌ను నేను పూత కింద లెక్కేయను, కొన్ని వారాల్లో కడుగుడికే పోతుంది.

పూతకు ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలుపోగులు రాలని గుడ్డతో తుడవాలి. థిన్నర్, ఎసిటోన్ దగ్గరికి కూడా రానివ్వకండి. పాలీకార్బొనేట్‌కు అవి తగిలితే లోపలినుంచి సన్న పగుళ్లు విచ్చుకుంటాయి, ఆ లెన్స్ ఇక పనికిరాదు. క్లియర్ కోట్‌లోనూ సాల్వెంట్ ఉంటుంది కాబట్టి మొదటి చేయి, అంటే మొదటి పొర, మంచు పట్టినట్టు పల్చగా కొట్టి, ఐదు పది నిమిషాలు ఆగి, తర్వాత రెండు మామూలు చేతులు కొట్టండి. గాలిలో తేమ బాగా ఉన్న రోజున పూత పాలలా తెల్లబడొచ్చు, నేరుగా ఎండలో కొడితే పరుచుకోకముందే ఆరిపోయి నారింజ తొక్కలా బుడిపెలు తేలుతుంది. చేపకళ్లలా గుంటలు పడ్డాయంటే చుట్టుపక్కల ఎవరో టైర్ పాలిష్‌లాంటి సిలికాన్ సరుకు కొట్టారని అర్థం. ఆ డబ్బాలను పూత వేసే చోట అసలు ఉంచొద్దు.

టూకే క్లియర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చేటు. ఒకసారి అది ఒంటికి పడకపోవడం మొదలైతే ఉబ్బసం వస్తుంది, ఆ తర్వాత కొంచెం పీల్చినా తిరగబెడుతుంది. దుమ్ము మాస్కు చాలదు. గాలి గొట్టంతో వచ్చే మాస్కు మేలు, తక్కువలో తక్కువ రసాయన ఆవిరిని వడకట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ రెస్పిరేటర్, గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాల్సిందే. ఇంకో లెక్క కూడా ఉంది. టూకే స్ప్రే డబ్బా అడుగున మీట నొక్కి హార్డెనర్ వదిలాక అది ఒకట్రెండు రోజుల్లో లోపలే గట్టిపడుతుంది. ఒక్క జతకోసం డబ్బా విప్పితే నష్టం, అందుకే అలాంటి బండ్లను ఒకే రోజుకు సర్దుకోవాలి. విడిగా వచ్చే ఒక్క బండికి అతినీలలోహిత దీపం కింద నిమిషాల్లో గట్టిపడే పూత నయం, కస్టమరు అప్పుడే బండి తీసుకుపోవచ్చు.

కప్పులో ద్రవం పోసి ఆవిరి పట్టే కిట్లు అమ్ముతుంటారు. వాటిలో చాలావాటిలో ఉండేది డైక్లోరోమీథేన్, లేదంటే క్లోరోఫామ్. ఆ ఆవిరి ప్లాస్టిక్ పైపొరను కరిగించి నున్నగా చేస్తుంది, చూస్తుండగానే తేటపడడంతో వీడియోకు బాగుంటుంది. ఎండను ఆపే గుణం అందులో లేదు, ప్లాస్టిక్ పగిలే అవకాశం ఉంది, పీల్చేవాడికి విషం. కొనకండి.

ధర సంగతి: జతకు మీకు నిజంగా పట్టే గంటలు, కాగితాలు, పూత, వీటి మీద తిరిగొచ్చే బండ్లకోసం కొంత పక్కన పెట్టండి. ఆ మొత్తం కొత్త లైట్ ధరకు దగ్గరగా వస్తే ఆ మోడల్‌కు మీ పని అక్కర్లేదు, ఆ మాట మీరే చెప్పండి. పాత కార్లు అమ్మేవాళ్లు వరసగా పని ఇస్తారు, కానీ వాళ్లకు కావలసింది బండి అమ్ముడుపోయేదాకా మెరుపు. పూత వద్దంటే బిల్లు మీద "పూత లేదు, గ్యారంటీ లేదు" అని రాసే ఇవ్వండి. లేకపోతే ఆ కారు కొన్నవాడు మీ పేరు వెతుక్కుంటూ వస్తాడు. ప్రతి బండికీ ముందు ఫొటోలు, ఆపిన నంబరు, పూత పేరు, తేదీ ఒక పుస్తకంలో ఉండాలి.

బండి తిరిగొస్తే వాదన పెట్టుకోకుండా ముందు లెన్స్ చూడండి. అంచునుంచి లేచిందంటే అక్కడ పాత పూత మిగిలింది. మొత్తం రేకులా ఊడిందంటే మరీ నున్నగా చేశారు, లేదా జిడ్డు సరిగా తుడవలేదు. లోపల పగుళ్లు వచ్చాయంటే సాల్వెంట్ ఎక్కువైంది, ఆ లెన్స్ మార్చాల్సిందే. ఊడకుండానే పసుపెక్కిందంటే పూత పలుచనైంది. లేచినచోట మాత్రమే అతుకు వేస్తే దాని అంచు రాత్రి వెలుగులో గీతలా కనిపిస్తుంది, మళ్లీ అక్కడే లేస్తుంది. 400 నుంచి మొదలుపెట్టి లెన్స్ మొత్తం చేయాలి.