కంచిలిలో పనస బేరం

పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్ళేవారికి ఎండలు ముదిరే రోజుల్లో దారి పక్కన కుప్పలు పోసిన పనసకాయలు కనిపించడం కొత్తేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో పుట్టినవారైతే వాటి వంక తల తిప్పి కూడా చూడరు. నేను కవిటిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళాను. అది బాగానే జరిగింది, విందులో పనసకాయ బిర్యానీ పెట్టారు, కంచిలిలోని స్టేషను నుంచి ఊళ్ళోకి ఆటోవాడు నా పెట్టెను చూసి చెప్పిన రేటుకు ఇప్పటికీ కడుపు మండుతోంది. ఇంతకుమించి ఆ శుభకార్యం గురించి రాయవలసింది లేదు. తిరుగు ప్రయాణంలో రైలు ఆలస్యమని తెలిసి, ప్లాట్‌ఫారం మీద కూర్చోవడం విసుగనిపించి, కాయలు దింపుతున్న చోటికి నడిచి వెళ్ళి చూసిన బేరం గురించే ఈ నాలుగు మాటలు.

చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోలలో, ట్రాక్టర్లలో, మోటారు సైకిలుకు రెండు వైపులా కట్టిన గోనెసంచుల్లో కాయలు వచ్చి పడుతున్నాయి. టమాటాకు ట్రే కావాలి, మామిడికి మెత్తగా గడ్డి పరవాలి; పనసకు అలాంటి మర్యాదలేవీ అక్కరలేదు, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవడమే. హమాలీలు మాత్రం తొడిమల నుంచి కారే పాలు అంటుకోకుండా చేతులకు నూనె రాసుకుంటున్నారు. వ్యాపారి ప్రతి కాయనూ అరచేత్తో తట్టి, ముళ్ళు దగ్గరగా ఉన్నాయా, ఎడమై చదునుబారాయా అని చూసి, లేతవాటిని ఒక వైపుకు, ముదురువాటిని మరో వైపుకు దొర్లిస్తున్నాడు. లేతకాయ ఒడిశాకూ బెంగాలుకూ కూరకు పోతుంది. అక్కడివారు దానిని మసాలా పెట్టి, చెట్టున కాసిన మేకమాంసమని మురిసిపోతూ తింటారు. ముదురుకాయ దారిలోనే పండిపోతుంది కనుక దానికి ఇచ్చేది అతడి దయ.

తన కాయలన్నీ ముదురు వైపుకే దొర్లుతుండడం చూస్తూ నిలబడిన ఒక ముసలావిడను, చెట్లకు ఏ మందు కొడతారమ్మా అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మందేటి బాబూ, ఎరువేటి? మా మావ పాతిన చెట్లు. అయ్యే కాస్తాయి, మేం ఎక్కి కోసుకోడమే," అంది. మరి అంత శుభ్రమైన కాయకు ఒక రూపాయి ఎక్కువ అడగవచ్చు కదా అంటే, "ఎవుడిస్తాడు?" అని వ్యాపారి వైపు గడ్డం ఎగరేసింది. అతడు కూడా మా మాటలు వింటూనే ఉన్నాడు. తలెత్తకుండానే, కటక్‌లో కొనేవాడు కాయ ఎన్నాళ్ళు ఆగుతుందని అడుగుతాడే గాని, మందు కొట్టారా లేదా అని ఇంతవరకూ అడగలేదని జవాబు చెప్పాడు.

నాకు కోపం వచ్చిన మాట నిజం. బయలుదేరే ముందు విశాఖలో ఒక దుకాణంలో, ప్లాస్టిక్ డబ్బాలో పేర్చిన కాసిని తొనల మీద 'ఆర్గానిక్' అన్న చీటీ చూశాను. ఇక్కడ ఒక నిండు కాయకు ఆవిడ చేతిలో పడుతున్నది ఆ డబ్బా ఖరీదులో సగమైనా లేదు. సేంద్రియ ఆహారంపై 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఏటా 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న రైతు తినేవారికే నేరుగా అమ్ముకుంటే ధ్రువపత్రం అక్కరలేదు. అదే కాయ టోకు వ్యాపారి చేతిలో పడి, తరువాత ఎవరైనా దానిని సేంద్రియమని చెప్పి అమ్మదలచుకుంటే మాత్రం కాగితం ఉండాలి. కంచిలి నుంచి కటక్ దాకా ఆవిడ వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి అమ్మే వీలు లేదు కనుక, ఆ వెసులుబాటు ఆవిడకు ఉన్నా లేనట్టే.

అయితే కాగితాన్ని ఊరికే తిట్టిపోయడానికి కూడా మనసు ఒప్పలేదు. ఉద్దానం తోటల్లో పనస ఒక్కటే ఉండదు; పైన కొబ్బరి, పక్కన జీడి, మధ్య మధ్య మామిడి. జీడిపూతను టీ దోమ అనే పురుగు మాడ్చేస్తుందని మందు పిచికారీ చేసేవారు ఎందరో ఉన్నారు. పక్కవాడి జీడి మీద కొట్టింది గాలికి ఈవిడ పనస మీద పడదని ఎవరు చెప్పగలరు? బహువార్షిక పంటలకు, సేంద్రియమని చెప్పుకునే ముందు మందులు లేకుండా గడపవలసిన మూడేళ్ళ మార్పిడి కాలం, పొరుగు పొలానికీ దీనికీ మధ్య ఎడం అని నియమాలు పెట్టింది అందుకే. పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) పద్ధతిలోనైతే రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి తోటను ఒకరు చూసి హామీ ఇచ్చుకోవచ్చు, ఖర్చూ తక్కువే. కాని ఆ పని ఒక్క ఇల్లు పూనుకుంటే అయ్యేది కాదు, ఊరంతా జీడికి ఏం కొట్టాలో ఒక మాట మీదికి రావాలి. ప్రకృతి వ్యవసాయంలో మన రాష్ట్రం చేసిన పనికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది కదా, ఆ గౌరవంలో పిసరంతైనా ఈ కుప్పల దగ్గర ధరగా మారకపోవడమే నాకు మింగుడుపడలేదు.

మాది విజయనగరం. మామిడి కమీషన్ దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి కనుక కాలానికి ఎంత వెల ఉంటుందో తెలియకపోలేదు. సువర్ణరేఖ ముందుగా దిగినప్పుడు పలికే ధర, బంగినపల్లి వెల్లువైన తరువాత ఉండదు. ఆ నాలుగు రోజుల ఆశతోనే కదా పచ్చికాయను కోసి కార్బైడు పెట్టే దుర్మార్గం సాగింది! 2011 నాటి నిబంధనలు దానిని నిషేధించాయి. కాయలు పండబెట్టడానికి ఇథిలీన్ వాయువును మాత్రం 100 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వంద) దాకా వాడుకోనిచ్చారు. పనసలో ఆ మోసం లేదనుకుని సంతోషిస్తే, ఇక్కడ కథ తిరగబడింది. ముందు కోసినవాడికే డబ్బు, పండనిచ్చినవాడికి నష్టం. లారీ మోయలేని పండ్లు చెట్ల కిందే చితికి పశువుల పాలవుతాయని ఆవిడే చెప్పింది. మందు లేకుండా పండిన తిండి నేలపాలవుతుంటే, దానిని సుస్థిరమని ఏ నోటితో అనాలి?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరాన్ని దున్నేసినప్పుడు ఆవిడ చెట్లలోనూ కొన్ని కూలాయట. పిక్క పెట్టి పెంచిన మొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అప్పుడు పాతినవి ఇప్పుడిప్పుడే పిందె వేస్తున్నాయని చెబుతున్నప్పుడు మాత్రం ఆవిడ ముఖం కాస్త విప్పారింది. వాటినీ పండనిస్తారా అని అడిగాను. "ఒక చెట్టు మనవలకి ఒగ్గేస్తాను. మిగతావన్నీ లేతగానే కోయించేస్తాను," అని, వ్యాపారి ఇచ్చిన నోట్లను లెక్కపెట్టుకుని, ఒక యాభై తక్కువైందని అతడితో తగవుకు దిగింది.